దూదిలో కుందేలు బొచ్చు

నా భార్యకు జబ్బని మా బావమరిదికి నాకంటే నాలుగు నెలల ముందే తెలుసు. నాకు చెప్పలేదు. ఇందులో వాదించుకోవడానికి ఏమీ లేదు. వాడు కాదనలేదు. నేను క్షమించలేదు. ఆమె పోయి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ వాడు మా గుమ్మం తొక్కలేదు. నేను తొక్కనివ్వలేదు.

అలాంటివాడు ఒక ఆదివారం పొద్దున ఇనుప పంజరం మోసుకుంటూ వచ్చాడు. పంజరంలో రెండు కుందేళ్ళు. ఒకటి తెల్లది, ఒకటి బూడిద రంగుది.

"బావా, మీ చెల్లెలికి తుమ్ములు ఆగట్లేదు," అన్నాడు. చెల్లెలంటే వాడి పెళ్ళాం. "వీటి బొచ్చు పడట్లేదంట. ఇంట్లో ఉంచొద్దని డాక్టరు చెప్పాడు."

"అయితే ఉంచకు."

"ఎక్కడ వదలను? పెంచినవి కదా."

"ఎన్నాళ్ళు పెంచావు?"

"పన్నెండు రోజులు."

"కుందేళ్ళతో ఏం చేస్తారు?"

"ఏం చెయ్యరు. చూస్తారు."

"చూడ్డానికి నాకు తీరిక లేదు."

"నీకు తీరిక తప్ప ఇంకేముంది బావా?"

తలుపు వేయబోయాను. పంజరం అప్పటికే గడప లోపల ఉంది. వాడికి జుట్టు కత్తిరించే షాపు ఉంది. మాట ఆపకుండా పని కానిచ్చేయడం ఆ వృత్తిలో అబ్బుతుంది.

"రెండూ ఆడవే, గొడవపడవు," అని వెళ్ళిపోయాడు. పంజరానికి దారంతో కట్టిన కాగితం మీద జంతువుల డాక్టరమ్మ ఫోన్ నంబరు ఉంది.

నేను పరుపులు కుడతాను. ఊళ్ళో బడి అయిదో తరగతితో అయిపోయింది. ఆ ఏడే మా నాన్న నా చేతికి సూది ఇచ్చాడు. ఇప్పుడుంటున్న ఇంట్లో ముందు గది పని గది. పరుపు పరిచే బల్ల, దూది ఏకే మిషను, మూలన రెండు గోనెలు. ఒకదాంట్లో మంచి దూది, ఇంకోదాంట్లో మిషను కింద రాలిన చెత్త దూది. వెనక గదిలో వండుకుంటాను, పడుకుంటాను. కుందేళ్ళు వెనక గదిలోకి వెళ్ళాయి.

మొదటి రోజు క్యారెట్లు పెట్టాను. రెండో రోజూ పెట్టాను. మూడో రోజు బూడిదదానికి విరేచనాలు పట్టుకున్నాయి. కాగితం మీది నంబరుకు ఫోన్ చేశాను. డాక్టరమ్మ మా వీధి చివరే ఉంటుంది. సాయంత్రం వచ్చి చూసింది.

"బాబాయిగారూ, క్యారెట్టు వీటికి మిఠాయి. మూడు పూటలా మిఠాయి పెడితే మీకైనా ఇంతే."

"మరేం పెట్టాలి?"

"ఎండుగడ్డి. రోజంతా. వీటి పళ్ళు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. నమిలితేనే అరుగుతాయి. గడ్డి లేకపోతే మీ వైర్లు నములుతాయి."

అప్పటికే ఫ్యాను వైరు నమిలేశాయి. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

"ఇంకో సంగతి. ఇవి అరవవు. ఆకలేసినా అరవవు, నొప్పొచ్చినా అరవవు. దాచుకుంటాయి. నీరసంగా కనిపిస్తే ఎవరైనా పట్టుకు తినేస్తారని వీటి భయం. మీరే కనిపెట్టాలి. ఒక్క పూట గడ్డి ముట్టకపోయినా నాకు ఫోన్ చెయ్యండి. రేపు చూద్దాం అనుకోవద్దు. రేపటికి ఉండవు."

నేను తల ఊపాను. దాచుకునేవాళ్ళతో కాపురం నాకు కొత్త కాదు.

ఆ రోజు నుంచి పొద్దున లేవగానే ముందు గడ్డి ఎంత తగ్గిందో చూసేవాణ్ణి, తర్వాత పెంటికలు చూసేవాణ్ణి. గుండ్రంగా, పొడిగా ఉంటే నా పనికి వెళ్ళేవాణ్ణి. అలా చూడబోయి ఇంకా చాలా చూశాను. అవి కళ్ళు తెరుచుకునే నిద్రపోతాయి. తెల్లవారుజామున బూడిదది మెడ కిందికి వంచి, తన ఒంటి నుంచి నేరుగా మెత్తటి పెంటిక అందుకుని మింగింది. జబ్బనుకుని ఫోన్ చేశాను. డాక్టరమ్మ నవ్వింది. "మొదటిసారి గడ్డిలో సగమే అరుగుతుంది. మిగతా సగం కోసం ఇంకోసారి తింటాయి. అలా తినకపోతేనే జబ్బు." ఫోన్ పెట్టేసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఒకే గడ్డిని రెండుసార్లు తిని బతికే ప్రాణి నా ఇంట్లో, నా మంచం కింద ఉంది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

అయిదు వారాలు గడిచాయి.

మళ్ళీ ఆదివారం. మధ్యాహ్నం తెల్లది నోట్లో గడ్డి అడ్డంగా పట్టుకుని, మీసాలు పెట్టుకున్న హవల్దారులా గది అంతా తిరిగింది. దారపు రీళ్ళు వచ్చిన చెక్క పెట్టె ఒకటి గోడ వారగా ఉంది. గడ్డి తీసుకెళ్ళి అందులో వేసింది. ఆ తర్వాత కూర్చుని తన పొట్ట మీద బొచ్చు తనే పీక్కోవడం మొదలుపెట్టింది. నోటితో పట్టి లాగడం, పెట్టెలో పెట్టడం. పట్టి లాగడం, పెట్టడం. గంటలో దాని పొట్ట గులాబీ రంగు తోలు బయటపడింది.

నాకు తెలిసిన కారణం ఒక్కటే. గజ్జి. ఊళ్ళో కుక్కలకు చూశాను. ఆదివారం కదా అని డాక్టరమ్మకు ఫోన్ చేయలేదు. నేనే బాగుచేయగలననుకున్నాను. పెట్టెలో బొచ్చంతా రెండు చేతులతో ఎత్తి చెత్త దూది గోనెలో కుక్కాను. గడ్డి పారేశాను. పెట్టెను వేడి నీళ్ళతో కడిగి ఎండబెట్టాను. తర్వాత మంచి గోనె విప్పాను. పసిపిల్లల దిండ్లకు మాత్రమే వాడే దూది. రెండుసార్లు ఏకింది, ఒక్క గింజ ముక్క ఉండదు. నాలుగు వేళ్ళ మందాన పరిచాను. గుడ్డు పడినా పగలదు. నా పనితనం అంతా అందులో పెట్టాను.

తెల్లది మూల కూర్చుని ఇదంతా చూసింది. కరవలేదు, అడ్డం రాలేదు.

సోమవారం తెల్లవారి లేచేసరికి నా దూది మీద ఆరు పిల్లలు ఉన్నాయి. చిటికెన వేలంత. ఒంటి మీద నూగు లేదు. కళ్ళు మూసుకుని ఉన్నాయి, చెవులు తలకు అతుక్కుని ఉన్నాయి. చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. తెల్లది పెట్టెకు ఆమడ దూరంలో, వీపు తిప్పుకుని కూర్చుంది. ఒక పిల్లను ముట్టుకున్నాను. గచ్చులా చల్లగా ఉంది. ఇంకోదాని వెనక కాలికి దూది పోగు మెలిపడి బిగుసుకుంది. కాలు నల్లబడుతోంది.

డాక్టరమ్మ తడి జుట్టుతోనే వచ్చింది. ముందు బూడిదదాన్ని ఎత్తి కింద చూసింది.

"ఇది మగది. రెండూ ఆడవని ఎవరు చెప్పారు?"

"మా బావమరిది."

"ఆయనకు తెలీదా?"

"వాడికి చాలా తెలుసు. చెప్పడు."

ఆమె నా వంక ఒకసారి చూసి బూడిదదాన్ని పంజరంలో పెట్టి గడియ వేసింది. "ఇవాళే వేరు చెయ్యాలి. లేకపోతే ఇవాళే మళ్ళీ కడుపు చేస్తుంది." అప్పుడు పెట్టెలోకి వంగింది. దూది చూసింది. "ఇదేంటి?"

చెప్పాను. గజ్జి సంగతి, గోనె సంగతి, వేడి నీళ్ళ సంగతి.

"అయ్యో బాబాయిగారూ. అది గజ్జి కాదు. అది వీటికి దుప్పటి. తన ఒంటి మీదది పీకి పరుస్తుంది. పొట్ట బయటపడితే పిల్లల నోటికి పాలూ అందుతాయి. రెండు పనులూ ఒక్కసారే."

"నా దూది మంచిదే."

"మీకు మంచిది. తడి తగిలితే అణిగిపోతుంది. పోగులు పిల్లల కాళ్ళకు చుట్టుకుంటాయి. బొచ్చు చుట్టుకోదు, అణగదు. పిల్లలు పైకి తోసుకుంటాయి, కిందికి లాక్కుంటాయి. వాటికి ఎంత వేడి కావాలో అవే చూసుకుంటాయి." ఆమె తెల్లదాని పొట్ట తడిమింది. "పీక్కోవడానికి దీని దగ్గర ఇంకేం మిగల్లేదు. మగదాన్ని దువ్వితే కొంచెం రావచ్చు. సరిపోదు. గోనెలోది వెతికి తియ్యండి. ఒక్క దూది పోగు కూడా కలవకూడదు. సాయంత్రంలోపు గూడు కట్టి పిల్లల్ని అందులో పెట్టాలి. చీకటి పడే వేళ అది పాలివ్వడానికి వస్తుంది. వెచ్చగా ఉంటేనే పిల్లలకు తాగే ఓపిక ఉంటుంది. చల్లబడినవి నోరు తెరవవు. నోరు తెరవకపోతే రేపు పొద్దునకు ఒక్కటీ ఉండదు."

"ఇది పిల్లల వంక చూడను కూడా చూడట్లేదు."

"చూడదు. రోజుకు ఒకసారో రెండుసార్లో, అయిదు నిమిషాలు. అంతే. దగ్గర కూర్చుంటే శత్రువు వాసన పట్టి వస్తాడు. దూరంగా ఉండడమే దాని కాపలా."

నా చేత నీళ్ళు కాయించి సీసాల్లో పోసి, గుడ్డ చుట్టి, పిల్లల్ని తపేలాలోకి తీసి వాటి చుట్టూ పెట్టింది. వెళ్తూ వెళ్తూ అడిగింది: "ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు. వాడికి ఫోన్ చేశాను.

"నీ కుందేలు పిల్లల్ని పెట్టింది. రా."

"రెండూ ఆడవి కదా బావా, ఎలా పెట్టింది?"

"అదే నేనూ నిన్ను అడుగుదామనుకుంటున్నా. నీ కత్తెర్లు తెచ్చుకో."

షాపు మూసి వచ్చాడు. రాగానే, కాలికి పోగు బిగిసిన పిల్లను వాడి చేతిలో పెట్టాను. నాకు దగ్గరి చూపు లేదు. వాడు తోలు సంచిలోంచి అన్నిటికంటే సన్న కత్తెర తీశాడు. చెవి వెంట్రుకలు కత్తిరించేది. పిల్లను ఎడమ చేతి వేళ్ళ మధ్య పట్టి, ఊపిరి బిగబట్టి, కత్తెర మొన పోగు కిందికి పోనిచ్చాడు. ఆ కాలు అగ్గిపుల్లంత కూడా లేదు. టిక్కుమంది. పోగు రాలింది. నేను చూస్తుండగానే నలుపు కిందికి దిగింది. వేళ్ళ చివర దాకా ఎరుపు వచ్చింది. ఆ కాలికీ వేళ్ళున్నాయి, వేళ్ళకు గోళ్ళున్నాయి.

"బావా, గోళ్ళు చూశావా?" అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"చూశాను."

ఆరింటిలో ఒకటి మరీ చల్లగా ఉంది. "చల్లబడిందని చచ్చినట్టు కాదు, వెచ్చబడ్డాక కూడా కదలకపోతే అప్పుడు" అని డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది. ఆ మాట చెప్పాను. వాడు చొక్కా గుండీ విప్పి దాన్ని బనీను లోపల, ఒంటికి ఆనించి పెట్టుకున్నాడు.

అప్పుడు గోనె బల్ల మీద బోర్లించాం. మోకాలెత్తు కుప్ప. తెల్ల దూదిలో తెల్ల బొచ్చు. ఫ్యాను ఆపేశాను, కిటికీలు మూసేశాను.

కంటికి తేడా లేదు. వేలికి ఉంది. దూదిని లాగితే ఒక పోగు ఇంకో పోగును పట్టుకుని వస్తుంది. నలభై ఎనిమిదేళ్ళుగా నా వేళ్ళకు అదే చదువు. లాగినప్పుడు దేన్నీ పట్టుకోకుండా జారివచ్చేది ఏదైనా ఉంటే అది దూది కాదు. అలాంటిదల్లా తీసి వాడి ముందు వేశాను. అందులో దారపు ముక్కలుండేవి, దుమ్ముండేది, బొచ్చుండేది. వాడు చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా నలిపేవాడు.

"ఏం చేస్తున్నావు?"

"నలిపితే వెంట్రుక నడుస్తుంది బావా. ఎప్పుడూ వేరు వైపే నడుస్తుంది. ఏ తలదైనా అంతే. దారం నడవదు."

నమ్మలేదు. నా తల నుంచే ఒకటి పీకి నలిపాను. నడిచింది. వేళ్ళ మధ్య నుంచి పురుగులా పైకి వచ్చింది. తిప్పి పట్టుకుంటే కిందికి పోయింది. నా తల మీదే ఇన్నాళ్ళూ ఉంది, నాకు తెలీదు.

దూది నాకు తెలుసు. వెంట్రుక వాడికి తెలుసు. బల్లకు చెరోవైపు కూర్చున్నాం. పదింటికి గుప్పెడు బొచ్చు తేలింది. పదకొండింటికి గుప్పెడున్నర. వెచ్చబడ్డాక కూడా ఒక పిల్ల కదల్లేదు. వాడి బనీనులో ఉన్నది కాదు, తపేలాలోది. అన్నిటికంటే చిన్నది. దాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాను.

ఆ తర్వాత వాడు నోరు విప్పాడు. తల ఎత్తలేదు, వేళ్ళు ఆపలేదు.

"అక్క తనంతట తను నాకు చెప్పలేదు బావా. నేనే కనిపెట్టాను. జుట్టు కొనలు కత్తిరించమని షాపుకొచ్చింది. దువ్వెన పెట్టగానే పాయ ఊడి వచ్చేసింది. మందుల వల్ల. నీకు కనపడకుండా ముడి ఎలా వేసుకోవాలో చూపించమంది. చూపించాను."

నేను దూది లాగుతూనే ఉన్నాను.

"చెప్దాం అక్కా అన్నాను. ఒకసారి కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళిన ప్రతి సోమవారం అన్నాను. 'చెప్తే మీ బావ సూదిలో దారం ఎక్కించలేడురా' అంది. నువ్వప్పుడు హాస్టలుకి అరవై పరుపులు కుడుతున్నావు. తను అవతలి అంచు పట్టుకునేది. 'ఆసుపత్రిలో అందరూ నన్ను రోగిలా చూస్తున్నారు. ఆయనొక్కడే అంచు సరిగ్గా పట్టుకోలేదని తిడుతున్నాడు. ఆ ఒక్కచోటైనా నన్ను మామూలుగా ఉండనీ' అంది."

తిట్టిన మాట నిజం. పరుపు అంచు జారితే కుట్టు వంకరపోతుంది. ఆ శీతాకాలంలో చాలాసార్లు జారింది.

"నువ్వు చెప్పి ఉండాల్సింది," అన్నాను.

"అవును."

"అవును అంటే సరిపోదు."

"సరిపోదు బావా. సరిపోతుందని నేననలేదు..." అంటూ ఆగిపోయాడు. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. వాడికేదో అయిందనుకుని లేచాను. వాడు చొక్కా తెరిచి చూపించాడు. చచ్చిందనుకున్న పిల్ల మూతి పైకెత్తి, కళ్ళు లేని మొహంతో అటూ ఇటూ వెతుకుతోంది. వాడి బనీను చీకడానికి చూస్తోంది.

వాడు నోరు తెరిచి దాన్నే చూస్తున్నాడు. నా మొహం ఎలా ఉందో నాకు తెలీదు.

మూడింటికి రెండు గుప్పిళ్ళు అయింది. మగదాన్ని దువ్వితే ఇంకో అర గుప్పెడు వచ్చింది. పెట్టెలో కొత్త గడ్డి పరిచి, మధ్యలో గుంట చేసి, బొచ్చు వేసి, అయిదు పిల్లల్నీ అందులో పెట్టాం. మిగతా బొచ్చు పైన కప్పాం. బరువు లేదు. వేసినట్టే లేదు. ఒక నిమిషం ఆగి అందులో చెయ్యి పెట్టాను.

నేను వెచ్చదనం అమ్ముకుని బతికినవాణ్ణి. పదేళ్ళకు సూది పట్టాను, పెళ్ళిమంచాలకు కుట్టాను, ఆసుపత్రులకు కుట్టాను. ఇంత పలచటి దాని కింద అంత వేడి నా చేత ఎప్పుడూ పుట్టలేదు. బొచ్చు దానంతటదే లేస్తోంది, అణుగుతోంది. అయిదు ఊపిర్లు కలిసి ఒక్క ఊపిరిగా ఆడుతున్నాయి. చెయ్యి తీయబుద్ధి కాలేదు. వాడు భుజం తట్టి తీయించాడు.

గది తలుపు ఓరగా వేసి, సందులోంచి చూస్తూ నేల మీద కూర్చున్నాం. తెల్లది మూలన ఉంది. పెట్టె వంక తిరగలేదు. నాలుగైంది. అయిదైంది. గడ్డి తింది, మొహం కడుక్కుంది, చెవి దులుపుకుంది.

"రాదేమో బావా."

"నోరు మూసుకో."

గదిలో వెలుగు పలచబడింది. తెల్లది లేచింది. తొందర లేదు. పెట్టె దగ్గరికి వచ్చి అంచు మీద ముందు కాళ్ళు వేసింది. ముక్కు ఆడించింది. మా చేతుల వాసన, దూది వాసన, మగదాని వాసన, అన్నీ అందులో ఉన్నాయి. కాళ్ళు తీసేసింది. ఒక చుట్టు తిరిగింది. ఆ తర్వాత ఒక్క దూకులో లోపల ఉంది.

పడుకోలేదు. పిల్లల మీద నాలుగు కాళ్ళతో నిలబడింది, గోడ వంక చూస్తూ. కింద బొచ్చు ఉడుకుతున్నట్టు కదిలింది. కళ్ళు లేనివి, చెవులు వినపడనివి, పుట్టి ఒక్క రోజు నిండనివి, వెల్లకిలా తిరిగి పొట్టలో ఎక్కడ ఏముందో ఎవరూ చూపించకుండా పట్టుకున్నాయి. చప్పరింపు మాకు వినపడింది. దాని చెవులు మాత్రం నిటారుగా మా తలుపు వైపు తిరిగి ఉన్నాయి. మేము అక్కడున్నామని దానికి తెలుసు. నిన్న దాని గూడు పీకింది నేనేనని కూడా తెలుసు.

నాలుగు నిమిషాలు. బయటికి దూకి, వెనక్కి చూడకుండా తన మూలకు వెళ్ళి గడ్డి అందుకుంది.

మేము మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి బొచ్చు తీసి చూశాం. పొట్టలు గోళీల్లా ఉన్నాయి. ఆ తోలు ఎంత పలచన అంటే లోపల పాలు తెల్లగా కనపడుతున్నాయి. అయిదింటికీ. కాలికి పోగు బిగిసినదానికీ, బనీనులో లేచినదానికీ. పాలు తాగిన పిల్ల లోపల పాలు కనపడడం నేను అప్పుడే చూశాను. వాడూ అప్పుడే చూశాడు. ఎంతసేపు అలా వంగి ఉన్నామో తెలీదు. బొచ్చు మళ్ళీ కప్పింది వాడే.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"బావా, పొద్దున నేను చెప్పింది..."

"విన్నాను."

"ఏమంటావు?"

"రేపు తెల్లారేసరికి రా. అది మళ్ళీ పాలిస్తుంది. చూడాలనుంటే రా. వస్తూ గడ్డి మోపు తీసుకురా."

"మరి ఆ సంగతి?"

"ఆ సంగతి ఎత్తేటట్టయితే గడ్డి పంపించు, నువ్వు రాకు."

తెల్లారేసరికి గడ్డి మోపుతో వచ్చాడు. ఆ సంగతి ఎత్తలేదు. పిల్లలకు బొచ్చు మొలిచింది, కళ్ళు తెరిచాయి, రెండు వాడి షాపుకొచ్చేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాయి, మూడు నా దగ్గర ఉన్నాయి. వాడు ఇప్పటికీ పొద్దున్నే వస్తాడు. క్షమించానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళిష్టం. నేను క్షమించలేదు. నా భార్య వాడితో ఏమందో, ఎందుకందో ఈ ఒక్కసారి రాశాను. ఇక వాడితో గానీ, ఇంకొకరితో గానీ ఆ మాట నేను మళ్ళీ ఎత్తను.